డాక్టరమ్మ బిడ్డకు పాలెవరిచ్చారు?

నిప్పుల మూకుడు మీద గంప బోర్లించి నల్లమ్మ బిడ్డ గుడ్డలకు పొగ పట్టిస్తూ ఉంది. మూకుట్లో చిటికెడు సాంబ్రాణి, గుప్పెడు వెల్లుల్లి పొట్టు. మూలనున్న కుప్పలోంచి ఒక్కొక్క గుడ్డా దులిపి, గంప మీద పరిచి, వెచ్చబడ్డాక మడిచి పక్కన పెడుతోంది. అట్టడుగు గుడ్డ దులిపేసరికి అందులోంచి పుస్తకం జారి నేల మీద పడింది.

అట్ట మీద తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి. జుట్టు గాలికి ఎగురుతోంది. సరిగ్గా పుస్తకం నడుమ నుంచి ఎర్రదారం ఒకటి బయటికి వేలాడుతోంది.

గోడకు చేరగిలబడి పాలిస్తున్న వసంత కదల్లేదు. కదిలితే బిడ్డ రొమ్ము వదిలేస్తుంది. చెవుల్లో దూది, తల చుట్టూ బిగించిన తువ్వాలు, కిటికీకి కొట్టిన గోనెపట్టా. ఆ మసకలో కూడా అత్త ముఖం మారడం ఆమెకు కనిపించింది.

"ఏందిమ్మే ఇది?"

"పుస్తకం, అత్తా."

"పుస్తకమని నాకూ తెలుసు. బిడ్డ గుడ్డల్లో దీనికేం పని అని అడుగుతాండా."

"కాంతామణి ఇచ్చింది. కాన్పుకు ముందే. ఊరికే, బిడ్డ పాలు తాగేటప్పుడు కొంచెం కొంచెం..."

"ఊరికేనా! పచ్చి ఒళ్ళు నీది. నరాలు ఇంకా కుదురుకోలేదు. ఈ చీకట్లో అచ్చరాలు పట్టి పట్టి చూస్తే కండ్లు మిగుల్తాయా? ఇదో, నా కన్ను చూడు." నల్లమ్మ వంగి తన ఎడమ కంటి రెప్పను వేలితో పైకి లాగింది. నల్లగుడ్డు మీద పాలపొరలా తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. "చిన్నోడు పుట్టినప్పుడు బాలింతగా ఉండి, బుడ్డిదీపం ముందర కూచోని రైకలు కుట్టినా. వద్దన్నోళ్ళ మాట వినలేదు. పోయిందా లేదా?"

వసంత చూపు బిడ్డ రెప్పల మీదికి పోయింది.

"నీ కన్ను పోతే నీ ఖర్మ. బిడ్డేం చేసింది? పొద్దున పుసులు పట్టి రెప్ప తెరుసుకోలేదు చూసినావు కదా. యాడ నుంచి వచ్చినాయి ఆ పుసులు? తల్లి కండ్లు అలిస్తే ఆ చెడు పాలల్లోకి దిగదా?"

పొగ వల్లేమో అత్తా, అనే మాట వసంత గొంతు దాకా వచ్చింది. రోజుకు రెండు పూటలు ఈ పొగ తన కళ్ళకే మంటగా ఉంటే ఆ పసికళ్ళకు ఎట్లుంటుంది? కానీ ఒకవేళ అత్త చెప్పిందే నిజమైతే? బిడ్డ రెప్పల వెంట ఎండి అంటుకున్న పసుపుపచ్చ గార చూసినప్పుడు ఆమెకు పుస్తకంలో తాను చదివిన పేజీలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నీ పుట్టింట్లో బిందె నీళ్ళకు కొట్లాడుకుంటాండారు. బాలింతకు కాగులకు కాగులు వేన్నీళ్ళు యాడ తెచ్చి పోస్తారని నేనే నిన్ను ఈడికి తోడుకొచ్చుకుంటి. మన బోరులో ఇంకా నాలుగు చుక్కలు ఉండాయి కాబట్టి సరిపాయె. నీళ్ళు పోసి, పొగేసి, కారం పెట్టి సాకుతాంటే, నువ్వు దొంగచాటుగా ఈ పని చేస్తాండావు." నల్లమ్మ పుస్తకాన్ని చంకలో పెట్టుకుంది. "నీ ఒంటికి బలం వచ్చినంక అడుగు. ఇస్తా."

బయటికి పోతూ తలుపు లాగేసింది. పక్క కొట్టంలో విత్తనపు శెనక్కాయల మూట విప్పుతున్న చప్పుడు, మళ్ళీ కట్టేస్తున్న చప్పుడు. నోరు కట్టిన ఆ గోతంలో, కాయల నడుమ, పుస్తకం పడిపోయింది.

*

గదిలో పగలూ రాత్రీ ఒకటే రంగు. వసంత మొగుడు గంగాధరప్ప పావగడలో శెనక్కాయల మిల్లులో మూటలు మోసి సందేళకు వస్తాడు. గడప అవతలే నిలబడి, మెడ చాచి బిడ్డను చూసి, "తిన్నావా?" అని అడిగి పోతాడు. గడప దాటడానికి వాళ్ళమ్మ ఒప్పుకోదు. వసంత తినడం, పాలివ్వడం, గుడ్డ మార్చడం, మళ్ళీ పాలివ్వడం. ఆ పుస్తకం ఒక్కటే ఆ గదికి ఉన్న రెండో కిటికీ. దానికీ గోనెపట్టా పడింది.

వసంతది పావగడలో కన్నడం బడి. తొమ్మిదిలో ఉండగా మానిపించారు. తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు. కన్నడం అక్షరాలు చేతిలో పెట్టుకుని, అంగడి పొట్లాల మీద ఉన్న తెలుగు అక్షరాలను పక్కపక్కన పెట్టి తానే కూడబలుక్కుంది. ఆ తర్వాత, పావగడ బజారులో అంగడి ఉన్న సీతారామ్ భార్య కాంతామణి, తన బడి స్నేహితురాలు, హిందూపురం నుంచి తెప్పించుకునే నవలలు ఒక్కొక్కటే పంపసాగింది. కడుపుతో ఉన్న నెలల్లో దొరికినవన్నీ చదివేసింది. చదివి ఊరుకోలేదు. లోపల్లోపల ప్రతి పుస్తకంతోనూ తగువు పెట్టుకుంది.

ఆ పుస్తకాల్లో వాన ఎవరికి కావాలంటే వాళ్ళకు పడుతుంది. కథానాయిక ఏడిస్తే చాలు, కిటికీ బయట జోరున వాన. ఇక్కడ ఊరంతా ఏడ్చినా మబ్బు అట్లే దాటిపోయి ఎక్కడో కురుస్తుంది. ఒక పుస్తకంలో లాయరమ్మ కోర్టులో రోజంతా వాదించి ఇంటికొస్తే బల్ల మీద అన్నం సిద్ధంగా ఉంటుంది. ఎవరు వండారో రాసినామె చెప్పదు. ఇంకొక దాంట్లో గర్భిణి మెట్ల మీద నుంచి జారుతుంది, కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రి, పక్కన బిడ్డ. నొప్పుల ఊసే లేదు. కాన్పయిన రాత్రి వసంతకు ఆ పేజీ గుర్తొచ్చి, అంత నొప్పిలోనూ కోపం వచ్చింది.

ఈ డాక్టరమ్మ పుస్తకం మాత్రం వేరేగా మొదలైంది. పేదింటి పిల్ల పట్టుబట్టి డాక్టరవుతుంది. పెళ్ళి, కడుపు. పురిటి నొప్పుల గురించి కూడా ఒక పేజీ పైగానే రాసింది. బిడ్డ పుట్టింది. ఆస్పత్రి నుంచి వెంటనే పనిలోకి రమ్మని కబురొచ్చింది. అక్కడే వసంత బిడ్డ ఏడ్చింది. అక్కడే ఎర్రదారం పెట్టింది.

పోతుందా? ఉంటుందా? పోతే బిడ్డకు పాలెవరిస్తారు?

*

మర్నాటి నుంచి విత్తనానికి కాయలు ఒలవడం మొదలైంది. పడమటి దిక్కున మబ్బు రెండు దినాలుగా పుడుతూ చస్తూ ఉంది. నేల పదునయ్యే వాన పడిందంటే ఆ పూటే విత్తడానికి గొర్రు కట్టాలి. విత్తనం సిద్ధంగా లేనివాడు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. మిషనుకు వేస్తే పప్పు పైపొర చిట్లుతుంది, మొలవదు. అందుకని చేతులతోనే ఒలవాలి. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకేసారి ఒలిచేవాళ్ళు కావాలి. నల్లమ్మ తెల్లారకముందే పోయి ఓబక్కనూ వెంకటక్కనూ, ఇంకో నలుగురినీ పిలుచుకొచ్చింది.

నీళ్ళు చిలకరించి మెత్తబెట్టిన కాయలను పడసాలలో పోశారు. వసంత గది తలుపుకు ఆనుకునే ఓబక్క కూర్చుంది. బొటనవేలికి పాత గుడ్డపీలిక చుట్టుకుని, కాయ ముక్కు మీద నొక్కి టప్‌మని విప్పుతోంది. కాసేపటికి తలుపు సందులోకి వంగింది.

"ఏమ్మే వసంతా, దొంగ సరుకుతో దొరికిపోతివంట?"

వసంతకు నవ్వొచ్చింది. "నీకెవరు చెప్పిరి ఓబక్కా?"

"ఎవరు చెప్తారు, మీ అత్త నిన్నట్నుంచి బోరు కాడ అదే పురాణం. ఏముండాదే ఆ పుస్తకంలో, ఆయమ్మ అంత రగిలిపోయింది?"

"ఒక డాక్టరమ్మ కథ."

"సూదులేసే కథా?" వెంకటక్క అడిగింది. వెంకటక్కకు చంటిబిడ్డ ఉంది. దాన్ని పెద్దకూతురికి అప్పజెప్పి వచ్చింది. "మాకూ చెప్పు. ఈ కాయల మొగం చూస్తా చూస్తా కండ్లు కాయలైపోయినాయి."

చాటలో తాలు చెరుగుతున్న నల్లమ్మ చెయ్యి ఆగింది. "ఆ పుస్తకం మాటే వద్దని చెప్పినా కదా."

"చదివితే కదా నల్లక్కా కండ్లకు చేటు," అంది ఓబక్క కాయ విప్పుతూనే. "చెప్పేదానికి కండ్లెందుకు? కండ్లు మూసుకోనన్నా చెప్తాది, నోరుండాది కదా."

అందరూ నవ్వారు. నల్లమ్మ నవ్వలేదు. ఊరంతా ఒలిచేవాళ్ళ కోసం వెతుకుతున్న రోజులు. ఆదెప్ప ఇంటివాళ్ళు తమ కాయలు ఒలవడానికి రమ్మని రాత్రి కూడా ఓబక్కను అడిగిపోయారు. నల్లమ్మ చాట పక్కన పెట్టి, లేచి, వసంత గది తలుపును జానెడు తెరిచింది. "గాలి తగలకుండా తల కప్పుకో," అని మళ్ళీ చెరగడానికి కూర్చుంది.

ఆ జానెడు సందులోంచి పడసాల వెలుగు వసంత ఒడి దాకా వచ్చి పడింది. ఇన్ని రోజులకు బిడ్డ ముఖం సరిగ్గా చూసింది. చెవి వెనక నూగు బంగారు రంగులో ఉంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

మొదట గొంతు తడబడింది. తర్వాత కాయల టప్‌టప్ చప్పుడు ఆమె మాటకు ఊ కొడుతున్నట్టయింది. డాక్టరమ్మ తండ్రి పరీక్ష ఫీజు కోసం ఎద్దును అమ్మిన చోట అందరి చేతులూ ఆగాయి. "ఒలవండే!" అని నల్లమ్మ అరిచింది. పెళ్ళిచూపుల్లో డాక్టరమ్మ ఎదురుప్రశ్న వేసిన చోట ఓబక్క పడీపడీ నవ్వి, "నేనూ అడిగిండాల్సింది. అడగలేదు కాబట్టే ఈ గతి," అంది. సందేళైనా లేవమనేదాకా ఎవరూ లేవలేదు. కుప్ప తరిగిపోయింది.

పోతూ పోతూ వెంకటక్క తలుపు దగ్గర ఆగింది. "కాన్పు బాగా జరుగుతాది కదా ఆయమ్మకి? అదొక్కటి చెప్పు, రాత్రికి నిద్రపోతా."

"రేపు చెప్తా."

*

రెండోనాడు నల్లమ్మ పిలవడానికి పోకముందే వాళ్ళు వాకిట్లో ఉన్నారు. తలుపు కూడా ఎవరూ అడగకుండానే జానెడు తెరుచుకుంది. బిడ్డ కళ్ళలో పుసులు కొంచెం తగ్గాయి. నల్లమ్మ పొద్దున్నే వసంత చేత రెండు చుక్కల పాలు పిండించి ఆ కళ్ళలో వేసింది. "చూసినావా, పుస్తకం పోయినంక ఎట్ల తేరుకుంటాందో," అంది. వసంత తల ఊపింది. నమ్మిందో లేదో ఆమెకే తెలియలేదు. మూకుడు మాత్రం ఉయ్యాలకు దూరంగా జరిపింది, అత్త చూడనప్పుడు.

డాక్టరమ్మ కాన్పు చెప్పేసరికి ఎండ పడసాల దాటింది. ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. వసంత ఆగింది.

ఎర్రదారం అక్కడే ఉంది. ఆ తర్వాత ఆమెకూ తెలియదు.

"అయితే?" అంది వెంకటక్క.

తెలియదని చెప్పేయవచ్చు. చెబితే ఓబక్క నవ్వుతుంది, మాట వేరే ఇళ్ళ మీదికి మళ్ళుతుంది, నల్లమ్మ లేచి తలుపు మూసేస్తుంది. మళ్ళీ చీకటి, మళ్ళీ పొగ. వసంత బిడ్డను ఒక రొమ్ము నుంచి ఇంకో రొమ్ముకు మార్చింది. మార్చేటప్పుడు పాలధార చిమ్మి రైక తడిసింది. ఆ తడి చూస్తూ అంది:

"పోయింది."

"బాలింతరాలా? పనికా?"

"పోక ఏం చేస్తుంది? అక్కడ ఎవరో నొప్పులు పడుతున్నారు. కాన్పు కష్టమైంది. ఈమే చెయ్యాలి. పోయింది. చేతులు కడుక్కుంది. కత్తి పట్టుకుంది. అప్పుడు యాడో ఒక బిడ్డ ఏడ్చింది. ఈమె బిడ్డ కాదు, ఎవరి బిడ్డో. అయినా ఈమెకు పాలు చేపుకొచ్చేసినాయి. లోపలంతా తడిసిపోయింది. పైన తెల్లకోటు."

పడసాలలో ఒక్క కాయా చిట్లలేదు.

"అయ్యో, అట్లే అవుతాది," అంది వెంకటక్క మెల్లగా. ఆమె చెయ్యి తెలియకుండానే తన పైట మీదికి పోయింది. "డాక్టరైతే మాత్రం, పాలకేం తెలుస్తాది?"

"పుస్తకంలో ఇట్లాంటివి కూడా రాస్తారామ్మే?" ఓబక్క కళ్ళు చిట్లించింది. "సిగ్గు లేదా రాసినామెకు?"

"రాస్తారు," అంది వసంత. ఎవరూ రాయలేదు. తాను చదివిన ఏ పుస్తకంలోనూ ఒక్క రైకా తడవలేదు. అందుకే ఆమెకు లోపల ఏదో తెగించిన ధైర్యం వచ్చింది. నర్సు ఒకామె చూసి, ఏమీ అడక్కుండా, మడిచిన గుడ్డ తెచ్చి డాక్టరమ్మ రైకలో దూర్చిందనీ, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదనీ చెప్పింది. కాన్పు అయిందనీ, తల్లీబిడ్డా బతికారనీ చెప్పింది. అందరూ ఊపిరి వదిలారు.

"అవతల ఇంట్లో?" అంది వెంకటక్క. "ఈయమ్మ బిడ్డకు పాలెవరిచ్చిరి?"

వసంత తల చుట్టూ తువ్వాలు సర్దుకుంది. "అది రేపు," అంది.

చాట పట్టుకుని నల్లమ్మ గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో వసంత గమనించలేదు. చాటలో చెరిగేందుకు ఏమీ మిగల్లేదు. ఖాళీ చాట.

*

మూడోనాడు మధ్యాహ్నం బస్సుకు కాంతామణి దిగింది. చేతి సంచిలో సొంఠీ బెల్లమూ ఖర్జూరాలూ. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, తలుపు సందులోంచి తొంగి చూసి నవ్వింది.

"అబ్బా, ఏమే ఈ గుహ! బిడ్డ నీ మాదిరే ఉందే. ముక్కు మాత్రం వాళ్ళ నాయన ముక్కు." తర్వాత కొంచెం మొహమాటపడింది. "ఇంకో మాట. నేనిచ్చిన పుస్తకం చదివేసుంటే ఇయ్యి. మా తోడికోడలు కాచుకోనుంది."

వసంత ఏదో చెప్పబోయింది. కానీ ఓబక్క ముందే అందుకుంది.

"ఏం శెట్టమ్మా, డాక్టరమ్మ కథేనా? నీదేనా ఆ పుస్తకం? రా రా, కూచో. ఈ పిల్ల ఊరించి ఊరించి చంపుతాండాది. ఆయమ్మ ఆస్పత్రికి పోయినంక ఇంట్లో బిడ్డకు పాలెవరిచ్చిరి, అది చెప్పు."

కాంతామణి పీట మీద కూర్చుని నవ్వింది. "పాలా? పాల సంగతి యాడ వచ్చింది? ఆమె ఆస్పత్రికి యాడ పోయింది? బిడ్డను చెల్లెలి చేతిలో పెట్టేసి, పెద్ద చదువుకని బొంబాయికి పోతుంది. పేజీ తిప్పితే అయిదేండ్లు గడిచిపోయుంటాయి. బిడ్డ గౌను వేసుకుని స్కూలుకు పోతా ఉంటుంది. ఆఖర్లో రైల్వే స్టేషన్లో తల్లీకూతుర్లు కలుస్తారు. నాకు ఏడుపొచ్చింది."

పడసాలలో కాయలు ఒలిచే చేతులన్నీ ఆగి, తలలన్నీ తలుపు సందు వైపు తిరిగాయి.

వసంత తల వంచుకుంది. అయిదేళ్ళు! పేజీ తిప్పితే అయిదేళ్ళు! ఇంత భయంలోనూ రాసినామె మీద కోపం వచ్చింది. ఆ అయిదేళ్ళు ఎవరు పాలిచ్చారు, ఎవరు గుడ్డలు ఉతికారు, కళ్ళలో పుసులు పడితే ఎవరు తుడిచారు?

"లేదే," అంది వెంకటక్క పట్టుదలగా. "ఆస్పత్రికి పోయింది కదా. కోటు తడిసింది. నర్సమ్మ గుడ్డ ఇచ్చింది."

"నర్సెవరు?" అంది కాంతామణి.

ఓబక్క బొటనవేలి పీలిక విప్పి మళ్ళీ చుట్టుకుంటూ, వసంత వైపు, కాంతామణి వైపు మార్చి మార్చి చూసింది. "అయితే ఇద్దర్లో ఎవరో ఒకరు మన చెవుల్లో పువ్వు పెడతాండారు. ఏం నల్లక్కా? నీ కోడలు ఆ పుస్తకం కడదాకా చదివిందా, లేదా?"

నల్లమ్మ లేచింది. కొట్టంలోకి పోయింది. గోతం మూతి విప్పుతున్న చప్పుడు వినిపించింది. వసంత బిడ్డను గుండెకు హత్తుకుంది. ఇప్పుడు పుస్తకం వస్తుంది. దారం నడుమనే ఉంటుంది. చదువు రాకపోయినా ఎంత దాకా చదివిందో ఆ దారం ఎవరికైనా చెబుతుంది. ఆ తర్వాత ఈ తలుపు మూసుకుంటుంది.

నల్లమ్మ కొట్టం గడప దగ్గరికి వచ్చి, పడసాల వైపు వీపు పెట్టి నిలబడింది. పైటకొంగుతో పుస్తకానికి అంటిన పొట్టూ మట్టీ తుడిచింది. పక్కనే ఉన్న తన తలుపు సందులోంచి వసంతకు మాత్రం ఆమె చేతులు కనిపిస్తున్నాయి. ఆ చేతులు నడుమ వేలాడుతున్న ఎర్రదారాన్ని పట్టుకుని మెల్లగా బయటికి లాగాయి. చూపుడువేలికి చుట్టుకున్నాయి. తర్వాత ఆమె తిరిగి, పుస్తకాన్ని కాంతామణి ఒడిలో పెట్టింది.

"కడదాకా చదివింది," అంది. "నేను చూసినా."

"అది కాదు పెద్దమ్మా, ఆఖర్లో..."

"నువ్వు అంగట్లో బేరాల నడుమ చదివింటావు. నాలుగు పేజీలు ఎగిరిపోయింటాయి. మా పిల్లకు ఈడ వేరే పనేముండాది?" నల్లమ్మ చాట తీసుకుని కూర్చుంది. "పాలిచ్చే తల్లి బొంబాయికి పోయి అయిదేండ్లకు వస్తాదంట. రొమ్ములు గడ్డకట్టి జ్వరం రాదూ? రాసినోళ్ళకు బుద్ధి లేకపోతే, చదివినోళ్ళకన్నా ఉండొద్దా?"

"అట్ల చెప్పు నల్లక్కా!" ఓబక్క ఒక కాయను టప్‌మని విప్పింది. దాంతో అందరి చేతులూ మళ్ళీ కదిలాయి.

కాంతామణి తలుపు సందులోకి చూసింది. వసంత ముఖంలో ఏం కనిపించిందో, పుస్తకం తిరగేసి చూసుకుని, "అయ్యుండచ్చు," అంది. "నాకు మధ్యలో నిద్ర పట్టేసినట్టుంది." పోయేటప్పుడు గడప మీద వంగి, "ఆ నర్సు సంగతి నాకూ చెప్పాలి నువ్వు," అని గుసగుసగా అని బస్సుకు పోయింది. పుస్తకమూ పోయింది.

*

దీపాలు పెట్టే వేళకు ఒలిచేవాళ్ళు వెళ్ళిపోయారు. నల్లమ్మ వేడన్నంలో వెల్లుల్లి కారం కలిపి తెచ్చింది. రోజూ పళ్ళెం పెట్టి తలుపు మూసుకుని పోయేది. ఈ రోజు తలుపు మూసి లోపలే కూర్చుంది. మూకుడు తేలేదు.

వసంత రెండు ముద్దలు తిన్నది. అత్త చూపుడువేలికి దారం ఇంకా అట్లే చుట్టుకుని ఉంది.

"కండ్లు మూసుకో," అంది నల్లమ్మ.

"ఏం అత్తా?"

"మూసుకొనే చెప్పు. కండ్లు అలవవు. పాలెవరిచ్చిరి ఆ బిడ్డకు?"

వసంత కళ్ళు మూసుకుంది. ఉయ్యాల తాడు కిర్రుమంటోంది. ఎంత వెతికినా డాక్టరమ్మ ఇంట్లో ఆ గది కనపడలేదు. అందులో బిడ్డ ఒక్కతే ఉంది.

"నాకు తెలియదు, అత్తా," అంది చివరికి. "నువ్వేం చేసినావు అప్పుడు? చిన్నోన్ని యాడ పెట్టిపోయినావు చేని పనికి?"

నల్లమ్మ కదిలిన చప్పుడైంది. లేచిపోతుందేమో అనుకుంది వసంత.

"తంగేడు చెట్టుకు నీడ యాడిది," అంది నల్లమ్మ. "బండి కింద ఉయ్యాల కట్టిపోతి. కలుపు సాలు మధ్యలో ఇడిసి రానీరు కదా. వాని ఏడుపు వినపడేది. ఏడిస్తే ఈడ కారిపోయేది. తడిసేది, ఎండకు ఆరేది, మళ్ళీ తడిసేది. మాపటికి రైక అట్ట మాదిరి గట్టిపడి ఒంటికి గీసుకుపోయేది. వానికేమో ఆడ ఎవరో ఇంత బెల్లం నీళ్ళు..." ఆమె ఆగింది. "పక్క సాలులో ఒక మాలామె ఉండె. ఆమెకూ చంటిది. ఒకనాడు నేను వచ్చేసరికి మావాన్ని తీసుకోని పాలిస్తా ఉండె. నన్ను చూసి భయపడిపాయె. నేను ఏమీ అనలేదు. ఇంట్లో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

వసంత కళ్ళు తెరవలేదు.

నల్లమ్మ పళ్ళెం తీసుకుంది. మోకాళ్ళ మీద చేతులూని లేచింది.

"ఆ సంగతి డాక్టరమ్మ కథలో పెట్టెయ్," అంది. "రేపు ఆడోళ్ళకు చెప్పు. నా పేరు మాత్రం ఎత్తొద్దు."

పోతూ తలుపు లాగబోయి, ఆగి, అట్లే జానెడు వదిలేసింది.